2008 పల్సర్ 150కి ముందు డిస్క్ ప్యాడ్లు: కంపెనీవా, సింటర్డ్‌వా? (వైజాగ్)

పాత_పల్సర్

అందరికీ నమస్కారం. మా మావయ్య వాడిన 2008 పల్సర్ 150 ఇప్పుడు నా చేతికొచ్చింది. ఏపీ 31 నంబరు. 2023లో ఆర్‌సీ మరో ఐదేళ్లకి రెన్యువల్ చేయించారు. ఇంజిన్‌కి వంక పెట్టేదేం లేదు, అందుకే అమ్మే ఆలోచన లేదు. ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ ఐటీ హిల్స్‌కి రోజూ బీచ్ రోడ్డు మీదే వెళ్తాను. అప్పుడప్పుడూ సింహాచలం కొండ, చలికాలంలో అరకు.

ఇబ్బందంతా ముందు బ్రేకుతోనే. పట్టుకున్నప్పుడల్లా కీచుమంటోంది. లివర్ మునుపటికన్నా లోపలికి వస్తోంది. పార్కింగ్‌లో బండి నెట్టాలంటే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది. "ప్యాడ్లు అయిపోయాయి, మార్చేద్దాం" అన్నాడు మా వీధి మెకానిక్. షాపుకెళ్తే కౌంటర్ మీద రెండు రకాలు పెట్టారు. ఒకటి కంపెనీ ప్యాకెట్, రెండోది ఎప్పుడూ వినని పేరు, రేటు సగం. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ఈబీసీ అనే కంపెనీ సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు వేస్తే బ్రేకు అదిరిపోతుందని వీడియోలు. ఏది వెయ్యమంటారు?

భీమిలి_బుల్లెట్

కంపెనీవి వేసుకో గురూ, పనైపోతుంది. సగం రేటు సరుకు జోలికెళ్లకు.

మా పాత బుల్లెట్‌కి ముందూ వెనకా డ్రమ్ములే. భీమిలి బీచ్ దగ్గర ఆగాలంటే ఐఎన్ఎస్ కళింగ దగ్గర్నుంచే బ్రేకు నొక్కుకుంటూ వచ్చేవాళ్లం. డిస్కున్నోళ్లు కూడా కంప్లయింట్ చేస్తే మేమేటైపోవాలి!

అరకు_ఆదివారం

నేను సింటర్డ్‌కే ఓటు. నాదీ పల్సరే, కాకపోతే 180. మామూలు ఆర్గానిక్ (నార, రెసిన్ కలిపి చేసే) ప్యాడ్లతో గాలికొండ వ్యూ పాయింట్ నుంచి అనంతగిరి మీదుగా కిందికి దిగుతుంటే సగం దారిలోనే బ్రేకు పట్టు తగ్గిపోయేది. సింటర్డ్‌లో రాగి లాంటి లోహాల పొడిని వేడితో, ఒత్తిడితో ముద్ద చేస్తారు. వేడెక్కినా పట్టు వదలదు. ఇంకోటి, మన దగ్గర వానలు తక్కువా? తడిసిన డిస్క్ మీద ఆర్గానిక్ ప్యాడ్ మొదటి క్షణం జారినట్టుంటుంది, సింటర్డ్ వెంటనే పట్టేస్తుంది. ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ ప్రాణం కన్నా ఎక్కువేం కాదు కదా.

ఆటోనగర్_స్పానర్

ప్యాడ్ పేరు సంగతి తర్వాత. బండి నెడితే బరువుగా ఉందన్నారు చూడండి, అసలు జబ్బు అక్కడుంది. ప్యాడ్లు అరిగిపోయినంత మాత్రాన బండి బరువెక్కదు. బ్రేకు వదిలేశాక కూడా ప్యాడ్ డిస్క్‌ని వదలట్లేదు.

కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) విప్పించి రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. పిస్టన్ వైపుది ఎంత మిగిలింది, అవతలి వైపుది ఎంత మిగిలింది, ఏదైనా ఒక చివర సన్నగా, ఇంకో చివర మందంగా ఏటవాలుగా అరిగిందా? అది చెప్పండి. అప్పటిదాకా ఏమీ కొనొద్దు.

పాత_పల్సర్

థాంక్స్ అన్నా. ఇవాళ సాయంత్రం విప్పించాను. పిస్టన్ వైపు ప్యాడ్ దాదాపు రేకు దాకా అరిగిపోయింది. అవతలి వైపుది సగానికి పైగా ఉంది, కానీ ఏటవాలుగా ఉంది. డిస్క్ మీద వేలు పెడితే సన్నటి గీతలు తగులుతున్నాయి, అంచున చిన్న గట్టు కూడా ఉంది. కాలిపర్ జరిగే పిన్నులు మాత్రం బయటికి రావడానికే నానా తంటాలు పెట్టాయి. లోపల గ్రీజు బదులు గోధుమరంగు పొడి.

ఆటోనగర్_స్పానర్

అనుకున్నదే. ఆ పొడి తుప్పు.

మీ బండి కాలిపర్ ఫ్లోటింగ్ రకం. పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి నొక్కుతుంది, ఆ ఎదురు ఒత్తిడికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను బిగుసుకుంటే కాలిపర్ జరగదు. అప్పుడు పనంతా లోపలి ప్యాడ్ ఒక్కటే చేస్తుంది, అదొక్కటే అరుగుతుంది. వదిలినప్పుడు కాలిపర్ వెనక్కి రాదు, అందుకే బండి బరువు. కీచుమనే శబ్దం కూడా ఏటవాలుగా తగలడం వల్లే అయ్యుంటుంది.

ఈ స్థితిలో ప్రపంచంలో ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా మళ్లీ లోపలిదే అరిగిపోతుంది. సింటర్డ్ వేస్తే ఆ గట్టి ముక్క డిస్క్‌ని ఒక పక్కే తినేస్తుంది, అంతే తేడా.

సింధియా_ఎఫ్‌జెడ్

వైజాగ్‌లో ఈ పిన్నుల సమస్య ప్రతి పాత బండికీ ఉంటుంది. నాది 2010 యమహా ఎఫ్‌జెడ్, నా బ్రేకులు నేనే చూసుకుంటాను కాబట్టి చెప్తున్నా. సముద్రపు గాలిలో ఉప్పు, దానికి తోడు మా సింధియా, మల్కాపురం వైపు పోర్టు దుమ్ము. పిన్నుల మీదుండే రబ్బరు బూటు చిన్న పగులిచ్చిందంటే చాలు, ఆ తడి లోపలికి పోయి కూర్చుంటుంది. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి ఇంకా తొందరగా.

మెకానిక్ చేత చేయించినా పక్కన నిలబడి ఇవి చూసుకోండి:

పిన్నులు తీసి సన్నటి ఎమరీ పేపర్‌తో తుప్పు వదిలించాలి. గుంటలు పడితే పిన్నులే మార్చాలి, పెద్ద ఖరీదు కాదు. రబ్బరు బూట్లు పగిలితే అవీ కొత్తవి. పుయ్యాల్సింది సిలికాన్ గ్రీజు. షాపులో చెయిన్‌కీ బేరింగ్‌కీ వాడే డబ్బాలో గ్రీజు తీసి పూసేస్తారు, వద్దనండి. పెట్రోలియం గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది.

పిస్టన్‌ని వెనక్కి నొక్కే ముందు బయటికొచ్చిన భాగాన్ని పాత టూత్ బ్రష్‌తో, సబ్బు నీళ్లతోనో బ్రేక్ క్లీనర్‌తోనో శుభ్రంగా తోమాలి. ఆ మురికితోనే లోపలికి తోసేస్తే సీల్ కోసుకుపోతుంది. నొక్కేటప్పుడు పైన హ్యాండిల్ దగ్గరున్న ఆయిల్ డబ్బా మూత తీసి ఉంచాలి, చుట్టూ గుడ్డ చుట్టాలి. ప్యాడ్లు అరిగే కొద్దీ ఆయిల్ మట్టం దిగుతుంది. అది చూసి ఎవరో నింపేసి ఉంటారు. ఇప్పుడు పిస్టన్ వెనక్కి వెళ్తే ఆ ఎక్కువ ఆయిల్ పొంగి ట్యాంకు మీద పడుతుంది, పెయింట్ లేచిపోతుంది.

ఇంకొక మాట. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు చివర్లో మెరుపు కోసం డీజిల్ కొట్టనివ్వకండి. ఆ తుంపర డిస్క్ మీద పడుతుంది. మా వీధిలో ఒకాయనకి కొత్త ప్యాడ్లు వేసిన వారానికే బ్రేకు పట్టడం మానేసింది, కారణం ఇదే.

భీమిలి_బుల్లెట్

అమ్మా, నువ్వు షాపు పెట్టు, మొదటి గిరాకీ నేనే.

దుర్గానగర్_2వలైను

డీజిల్ పడిన ప్యాడ్లని పెట్రోల్‌తో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ వేస్తారు కదా, అలా చేస్తే పని చేస్తాయా?

ఆటోనగర్_స్పానర్

చెయ్యవు. పైన కాలుతుంది, లోపల పీల్చుకున్నది అక్కడే ఉంటుంది, వేడెక్కగానే మళ్లీ బయటికొస్తుంది. ఆయిల్ తాగిన ప్యాడ్ చెత్తబుట్టకే. అసలు ఆయిల్ ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూడాలి. పాత పల్సర్లలో ముందు ఫోర్కు ఆయిల్ సీల్ పోయి కారుతుంటుంది, అది నేరుగా కాలిపర్ మీదకే దిగుతుంది. పాత_పల్సర్ గారూ, ఫోర్కు రాడ్డు మీద వేలితో రాసి చూడండి. జిడ్డు తగిలితే ముందు ఆ సీళ్లు మార్చాకే కొత్త ప్యాడ్లు.

ఉక్కునగరం_రిటైర్డ్

నేను స్టీల్ ప్లాంట్‌లో పని చేసి రిటైరయ్యాను. ప్యాడ్ల ఎంపిక గురించి నాలుగు మాటలు.

ప్యాడ్ వెనక రేకు మీద చిన్న కోడ్ ఉంటుంది. దాని చివర రెండు అక్షరాలు చూడండి: ఎఫ్ఎఫ్, జీజీ, హెచ్‌హెచ్ ఇలా. ఇది ఎస్ఏఈ జే866 అనే పద్ధతిలో ఘర్షణ గుణకాన్ని, అంటే ప్యాడ్ పట్టు ఎంతో, సూచించేది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55 పైన. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక. రెండో అక్షరం మొదటి దానికంటే తక్కువుంటే వేడికి పట్టు తగ్గుతుందని అర్థం. చాలామంది హెచ్‌హెచ్ అంటే ఏ వన్ క్వాలిటీ అనుకుంటారు. కాదు. ప్యాడ్ ఎన్నాళ్లు వస్తుంది, డిస్క్‌ని ఎంత అరగదీస్తుంది, శబ్దం చేస్తుందా, వీటి గురించి ఆ అక్షరాలు ఏమీ చెప్పవు.

సింటర్డ్ డిస్క్‌ని తినేస్తుందన్న మాటలో సగమే నిజం. మన మోటార్ సైకిళ్ల డిస్క్‌లు స్టెయిన్‌లెస్ స్టీలు, సింటర్డ్ దానికి పడుతుంది. పోత ఇనుము డిస్క్‌లకైతే పనికిరాదు. కానీ ఇప్పటికే అరిగి, అంచున గట్టు లేచిన డిస్క్ మీద గట్టి ప్యాడ్ వేస్తే మిగిలిన ఆయుష్షు త్వరగా తీరుతుంది. డిస్క్ మీదే కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది. గట్టు మీద కాదు, ప్యాడ్ రాసుకునే చోట మైక్రోమీటర్‌తో కొలిపించండి. వెర్నియర్ పెడితే దాని దవడలు గట్టు మీద ఆగి ఎక్కువ చూపిస్తాయి. ఆ అంకె కన్నా తక్కువుంటే డిస్క్ మార్చాల్సిందే. లేత్ మీద చెక్కిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఉన్నదే సన్నటి ప్లేటు.

దుమ్ము విషయం కూడా. పాతకాలం లైనర్లలో, ప్యాడ్లలో ఆస్బెస్టాస్ వాడేవారు. మీ బండికి ఏ ప్యాడ్ ఉందో తెలియదు కాబట్టి కంప్రెసర్ గాలి కొట్టించి ఎగరగొట్టకండి, తడి గుడ్డతో తుడవండి. కొత్తవి కొనేటప్పుడు ప్యాకెట్ మీద నాన్ ఆస్బెస్టాస్ అని ఉందో లేదో చూడండి.

అరకు_ఆదివారం

సార్, మీరు చెప్పింది ఒప్పుకుంటా, కానీ ఘాట్‌లో వేడి సంగతి? శృంగవరపుకోట దాటాక ఘాట్ ఎక్కేటప్పుడు ఏం లేదు, దిగేటప్పుడే అసలు పరీక్ష. పైగా వెనక కూర్చున్న మనిషి, బ్యాగులు.

ఉక్కునగరం_రిటైర్డ్

మంచి ప్రశ్న. మీకు పట్టు తగ్గినప్పుడు లివర్ ఎలా ఉంది? గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది ప్యాడ్ వేడెక్కడం. లివర్ మెత్తబడి గ్రిప్ దాకా వచ్చేస్తే అది బ్రేక్ ఆయిల్ మరగడం. రెండూ వేరు.

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకుని అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే మీరు లివర్ నొక్కి బుడగల్ని నొక్కుతున్నట్టే, ప్యాడ్‌కి ఏమీ అందదు. మన తీరంలో తేమ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. పైగా సింటర్డ్ లోహం కదా, డిస్క్ వేడిని కాలిపర్‌కి ఆర్గానిక్ కన్నా ఎక్కువగా అందిస్తుంది. అంటే పాత ఆయిల్ మీద సింటర్డ్ వేస్తే ఆయిల్ ఇంకా తొందరగా మరిగే అవకాశం ఉంది.

అరకు_ఆదివారం

లివర్ మెత్తబడిందనే గుర్తు. అయితే నేను ప్యాడ్లతో పాటు ఆయిల్ కూడా మార్పించాను కాబట్టి తేడా ప్యాడ్ల వల్లా, ఆయిల్ వల్లా చెప్పలేనన్నమాట. సరే. అయినా తడిలో సింటర్డ్ పట్టు విషయంలో నా మాట నాదే.

సింధియా_ఎఫ్‌జెడ్

తడిలో పట్టు ఎక్కువైతే అది ఎప్పుడూ మంచికేనా? 2008 పల్సర్ ముందు టైరు వెడల్పు 2.75 అంగుళాలు. ఏబీఎస్ (చక్రం లాక్ అవకుండా చూసేది) లేదు. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది 2019 ఏప్రిల్ 1 నుంచే. సన్న టైరు, నూనె మరకలున్న ఎన్ఏడీ జంక్షన్, తొలకరి జల్లు, అప్పుడు హెచ్‌హెచ్ ప్యాడ్ గట్టిగా పడితే ముందు చక్రం లాక్ అయి మనిషి ముందు, బండి వెనక. బ్రేకు ఎంత గట్టిదైనా చివరికి ఆపేది టైరే కదా. నన్నడిగితే, టైరు ఏ సంవత్సరంలో తయారైందో పక్కన నాలుగు అంకెలు చూసుకుని, ఆ ఈబీసీ డబ్బులు దానికి పెడతాను.

అరకు_ఆదివారం

చెయ్యి అలవాటైతే లాక్ చెయ్యం అండి. మెల్లగా పిండాలి.

సింధియా_ఎఫ్‌జెడ్

కుక్క అడ్డొచ్చినప్పుడు ఎవరూ మెల్లగా పిండరు.

భీమిలి_బుల్లెట్

సిటీలో కుక్కలు, మా భీమిలి రోడ్డులో గేదెలు. గేదెకి హెచ్‌హెచ్ కూడా చాలదు. 😄

మోడరేటర్

సరదా బాగానే ఉంది కానీ విషయం మీద ఉందాం. అరకులో కాఫీ ఎక్కడ బాగుంటుందనే మెసేజ్‌లన్నీ వేరే చర్చకి మార్చాను.

పాత_పల్సర్

అందరి మాటా విన్నాక సింటర్డ్ పక్కన పెట్టేశా. రోజూ తిరిగేది సిటీలోనే, బండికి ఏబీఎస్ లేదు, డిస్క్ ఎలాగూ పాతది. ఫోర్కు రాడ్డు పొడిగానే ఉంది, ఆ వరకూ అదృష్టం. డిస్క్ కొలిపించాను, చెక్కిన కనీస మందం కన్నా కాస్త ఎక్కువే ఉంది, ఈసారికి గట్టెక్కినట్టే.

రెండు ప్రశ్నలు. ఒకటి, కంపెనీ ప్యాకెట్ అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? రెండు, పిన్నులు శుభ్రం చేశాక కూడా చక్రం తిప్పితే కాస్త బిగువుగానే ఉంది. పిస్టన్ కూడా పోయిందంటారా?

కంచరపాలెం_కౌంటర్

మొదటి దానికి నేను చెప్తా, స్పేర్ పార్టుల కౌంటర్ వెనక కూర్చునేది నేనే కాబట్టి.

పాత ప్యాడ్ల జత జేబులో వేసుకుని రండి. పల్సర్ 150 అని మోడల్ పేరు ఒక్కటి చెప్తే చాలదు, ఇన్నేళ్లలో ఎన్నో మార్పులు జరిగాయి, మధ్యలో ఎవరైనా కాలిపరే మార్చి ఉండొచ్చు. కొత్త ప్యాడ్ మీద పాతది పెట్టి పిన్ను రంధ్రాలు, చెవులు, రేకు మందం కలిశాయో లేదో కౌంటర్ దగ్గరే చూడండి. విప్పి బిగించాక మేం వెనక్కి తీసుకోం, ఏ షాపు వాడూ తీసుకోడు.

నకిలీ ప్యాకెట్ ముద్రలో అక్షరాలు అలికినట్టుంటాయి, ఎంఆర్‌పీ స్టిక్కర్ మీద పార్ట్ నంబరు, తయారీ నెల ఉండవు, హోలోగ్రామ్ గోటితో గీకితే రంగు కాగితంలా లేచిపోతుంది. ప్యాడ్ తీసి చూస్తే రేకు అంచులు గరుకుగా, ఘర్షణ పదార్థం రేకుకి అతికిన చోట సందుగా కనిపిస్తుంది. ఆ సందులోకే మన ఉప్పు గాలి పోతుంది. రేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఒకరోజు పదార్థం పెచ్చుగా ఊడి వస్తుంది. బ్రేకు పట్టినప్పుడు అది ఊడితే ఇక రేకు మీద రేకే. అందుకే సగం రేటుది నేను అమ్మను, అడిగినవాళ్లకి పక్క షాపు చూపిస్తా.

కంపెనీవి దొరకలేదనుకోండి, రానే, ఏఎస్‌కే లాంటివి తీసుకోండి. ఇవి వాహన కంపెనీలకే బ్రేకు సామాన్లు చేసి ఇచ్చేవాళ్లు. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి.

ఆటోనగర్_స్పానర్

రెండోదానికి నేను. పిస్టన్ అని తీర్మానించే ముందు ఒక పరీక్ష. ముందు చక్రం నేలకి తగలకుండా లేపండి. లివర్ నాలుగైదుసార్లు నొక్కి వదలండి. చక్రం బిగిసిందా? ఇప్పుడు కాలిపర్ మీదున్న బ్లీడర్ నిపుల్‌కి (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) సన్న గొట్టం తగిలించి, కొంచెం వదులు చెయ్యండి. గుప్పున ఆయిల్ వచ్చి చక్రం వదులైపోతే జబ్బు పైన ఉంది, అంటే హోస్ పైపులోనో మాస్టర్ సిలిండర్‌లోనో (లివర్ దగ్గర ఆయిల్‌ని తోసే భాగం) ఒత్తిడి ఇరుక్కుపోతోంది. నిపుల్ వదిలినా చక్రం బిగువుగానే ఉంటే పిస్టన్ ఇరుక్కుంది, సీళ్ల సెట్టు వేయించాలి.

2008 నుంచి అదే రబ్బరు హోస్ ఉంటే నాకు దాని మీదే అనుమానం. పాత హోస్ పైకి బాగానే కనిపిస్తుంది. లోపలి గోడ ఉబ్బి, లివర్ నొక్కినప్పుడు ఆయిల్‌ని కిందికి పోనిస్తుంది, వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు.

పాత_పల్సర్

పరీక్ష చేశాం. నిపుల్ వదలగానే ఆయిల్ చిమ్మి చక్రం వదులైంది. హోస్ వంచి చూస్తే కాలిపర్ దగ్గర మెలికలో సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయి. కొత్త హోస్, కంపెనీ ప్యాడ్లు, పిన్నుల బూట్లు, డాట్ 4 సీసా ఒకటి, అన్నీ తీసుకున్నా. బిల్లుతో సహా, కౌంటర్ అన్నా!

డాట్ 5.1 ఇంకా మంచిదని షాపులో ఒకాయన అన్నారు. వెయ్యొచ్చా?

ఉక్కునగరం_రిటైర్డ్

డాట్ 5.1 కూడా డాట్ 4 లాగే గ్లైకాల్ రకమే, వేసినా ఇబ్బంది లేదు, మీ వాడకానికి అవసరమూ లేదు. కానీ డాట్ 5 అని విడిగా ఒకటుంటుంది, అది సిలికాన్. అది డాట్ 4తో కలవదు, పొరపాటున కూడా పోయించుకోవద్దు. అంకె పక్కన చుక్కా ఒకటీ ఉన్నాయో లేవో చూసుకోండి. మీ మూత మీద ఏం రాసి ఉంటే అది తెచ్చి, రెండేళ్లకోసారి మార్చడం మేలు. మూత తీసి నెలల తరబడి ఉంచిన సగం సీసా వాడనివ్వకండి, అది సీసాలోనే తేమ పీల్చేసి ఉంటుంది.

పాత_పల్సర్

బిగింపు అయిపోయింది. బండి నెడితే ఇప్పుడు దూదిపింజ. కానీ కొత్త ప్యాడ్లు వేశాక బ్రేకు ముందుకన్నా తక్కువ పడుతోంది! లివర్ గట్టిగానే ఉంది.

సింధియా_ఎఫ్‌జెడ్

కంగారు పడకండి, కొత్త ప్యాడ్ ఇంకా డిస్క్‌కి అలవాటు పడలేదు. మీ డిస్క్ మీద పాత గీతలున్నాయి కదా, కొత్త ప్యాడ్ చదునుగా ఉంది, రెండూ అక్కడక్కడే తగులుతున్నాయి. తెల్లవారుజామున రుషికొండ దాటాక భీమిలి వైపు ఖాళీగా ఉంటుంది. 50లో వెళ్తూ ముందు బ్రేకుతో మెల్లగా 15కి తగ్గించండి, పూర్తిగా ఆపకండి. మళ్లీ 50, మళ్లీ 15. అలా పది పన్నెండుసార్లు, మధ్యలో కాస్త గాలి తగలనిస్తూ. వేడి డిస్క్ మీద బ్రేకు నొక్కిపట్టి నిలబడకండి, అక్కడే మచ్చ పడుతుంది. ఆ తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు అవసరమైతే తప్ప వద్దు. ఈలోగా ముందున్న బండికి దూరం ఎక్కువ ఉంచండి, యారాడ కొండ, కైలాసగిరి వైపు వెళ్లకండి.

ఆటోనగర్_స్పానర్

ఇంకోటి, చదివే అందరికీ. ప్యాడ్లు మార్చాక బండి కదిపే ముందు లివర్ గట్టిపడేదాకా నొక్కుతూనే ఉండాలి. పిస్టన్ లోపలికి తోసి ఉంటుంది కదా, మొదటి రెండు మూడు నొక్కుళ్లకి బ్రేకే ఉండదు. షాపు ముందు వాలులోనే గుద్దేసిన వాళ్లున్నారు.

పాత_పల్సర్

సింధియా గారు చెప్పినట్టే చేశా. ఇప్పుడు రెండు వేళ్లతో పడుతోంది, కీచు శబ్దం లేదు. అరకు వెళ్లే ముందు మళ్లీ ఒకసారి విప్పించి రెండు ప్యాడ్లూ సమానంగా అరుగుతున్నాయా అని చూస్తా.

అరకు_ఆదివారం

వెళ్లినప్పుడు దిగేటప్పుడు రెండో గేరు వదలొద్దు. బ్రేకు ఏదైనా ఘాట్‌లో సగం పని ఇంజినే చెయ్యాలి. నా సింటర్డ్ అరిగాక ఈసారి జీజీ ఏదైనా దొరికితే వేసి చూస్తా, ఆయిల్ మాత్రం అదే ఉంచి. అప్పుడు తేలుతుంది.

మధురవాడ_ప్లాటినా

ఇదే చర్చలో అడుగుతున్నా, క్షమించాలి. నా బండి వెనక డ్రమ్ బ్రేకు, రాడ్డు నట్టు ఎంత బిగించినా పెడల్ కిందికే పోతోంది. నట్టు చివరికి వచ్చేసింది. క్యామ్ చెయ్యి (రాడ్డు లాగినప్పుడు తిరిగి లోపలి షూలని తెరిచేది) తీసి ఒక పన్ను వెనక్కి పెడితే సరిపోతుందని అంటున్నారు, నిజమేనా?

ఆటోనగర్_స్పానర్

అలా చెయ్యొద్దు. బ్రేక్ ప్లేటు మీద బాణం గుర్తు, దాని పక్కన గీత ఉంటాయి చూడండి. పెడల్ నొక్కినప్పుడు బాణం ఆ గీతకి వచ్చేస్తే లైనర్లు (షూల మీది రాపిడి పొర) అయిపోయినట్టే. చెయ్యి ఒక పన్ను వెనక్కి పెడితే బాణం లెక్క తప్పుతుంది, లైనర్ అయిపోయాక కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. క్యామ్ ఎక్కువ తిరిగి నిలువునా ఇరుక్కుంటే చక్రం పట్టేసి వదలదు. కొత్త షూలు వేయించండి, క్యామ్‌కి చిటికెడు గ్రీజు పెట్టించండి, లైనర్ మీద మాత్రం పడకూడదు. పాత షూ ఒకటి పట్టుకెళ్లి సైజు కలిపి తెచ్చుకోండి, స్ప్రింగులు కూడా సెట్టులో ఉన్నాయో లేదో అడగండి.

మధురవాడ_ప్లాటినా

బాణం గీత దాటిపోయి ఉందండి. రేపు షూలు తెస్తున్నా.